కంట్రోల్ రూమ్‌కు వీడియో వాల్: డెల్టా వాతావరణంలో ఎలా బిగించుకోవాలి?

రైస్ మిల్లు యజమానులు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల నిర్వాహకులు, ఆలయ కార్యాలయాల వాళ్లు, 2027 పుష్కరాలను దృష్టిలో పెట్టుకుని ఏర్పాట్లు చేసుకుంటున్న గోదావరి ఒడ్డు ఊళ్ల వాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "కెమెరాలు అరవై దాకా ఉన్నాయి. గోడ నిండా తెర పెట్టాలనుకుంటున్నాం. ఏం కొనాలి, ఎలా బిగించాలి?" ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోతున్నాను. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను. వీడియో వాల్ అంటే కొన్ని తెర పలకలను (ప్యానెళ్లను) పక్కపక్కన పేర్చి చేసిన ఒకే పెద్ద తెర.

కొనడానికి ముందు ఒక రాత్రి ఆ గదిలో గడపండి. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు వరకు కూర్చునే మనిషి పక్కన కుర్చీ వేసుకుని, ఆయన నిజంగా ఏ కెమెరాలు చూస్తున్నాడో కాగితం మీద రాయండి. అరవైలో ఆరో ఏడో తేలతాయి. గేటు, లారీ కాటా, కోల్డ్ స్టోరేజీ తలుపు, అమ్మోనియా కంప్రెసర్ గది, జనరేటరు, కాలువ వైపు ప్రహరీ. ఇవి పెద్దగా కనిపించాలి. మిగతావి వంతులవారీగా మారుతూ ఉన్నా, అలారం వచ్చినప్పుడు మాత్రమే తెర మీదికి వచ్చినా సరిపోతుంది. తెర ఎంత ఉండాలో తేల్చేది కెమెరాల సంఖ్య కాదు, ఆ కాగితమే.

ఒక చిన్న లెక్క

55 అంగుళాల ప్యానెల్ సుమారు 1,210 మిల్లీమీటర్ల వెడల్పు, 680 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. రెండు వరుసల్లో రెండేసి పెడితే గోడ మీద 2.42 మీటర్ల వెడల్పు, 1.36 మీటర్ల ఎత్తు వస్తుంది. ఒక్కో ప్యానెల్‌కు 1920 × 1080 చుక్కలు (పిక్సెళ్లు). ఒక ప్యానెల్‌ను నాలుగు గళ్లు చేస్తే ఒక్కో కెమెరా బొమ్మ 60 సెంటీమీటర్ల వెడల్పున కనిపిస్తుంది. తొమ్మిది గళ్లు చేస్తే 40 సెంటీమీటర్లు, 640 × 360 చుక్కలే మిగులుతాయి. నాలుగు మీటర్ల దూరం నుంచి చూస్తే అందులో ఎవరో నడుస్తున్నారని తెలుస్తుంది గాని, చేతిలో ఏముందో తెలియదు.

తెర పెద్దదైతే ముఖం కనబడుతుందన్న ఆశ కూడా ఇక్కడే వదులుకోవాలి. సీసీ కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4, 2014 నాటి కూర్పు ప్రకారం, కొత్త మనిషిని అనుమానానికి తావు లేకుండా గుర్తుపట్టాలంటే కెమెరా బొమ్మలో ఆ చోట మీటరుకు 250 చుక్కలు ఉండాలి. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 కావాలి. ఎవరో ఉన్నారని పసిగట్టడానికి 25 చాలు. 1,920 చుక్కల కెమెరా 20 మీటర్ల వెడల్పు ధాన్యం కళ్లాన్ని చూస్తుంటే మీటరుకు 96 చుక్కలే వస్తాయి. ఆ బొమ్మను గోడంతా పరిచినా ముఖం పోల్చుకోలేరు. గేటు దగ్గర ముఖాలు కావాలంటే అక్కడి కెమెరా మార్చండి. తెరకు పెట్టే డబ్బుతో ఆ పని జరగదు.

కావలసినవి

- 24 గంటలూ నడవడానికి తయారుచేసిన వీడియో వాల్ ప్యానెళ్లు. అన్నీ ఒకే మోడల్, ఒకే బ్యాచ్. వీలైతే అదనంగా ఒకటి.
- ప్యానెల్‌ను ముందుకు లాగి మరమ్మతు చేయగలిగే ఫ్రేము, లేదా నేల మీద నిలబడే స్టాండు.
- కెమెరా చిత్రాలను విప్పి తెరకు పంపే డీకోడర్, లేదా వీడియో వాల్ కంట్రోలర్.
- గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్, క్యాట్ 6 కేబుళ్లు.
- ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటు పోయినా రెప్పపాటు కూడా ఆగని రకం), విడి ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్షన్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడేది).
- లేజర్ లెవెల్, రసమట్టం, నూలు చేతితొడుగులు, లేబుళ్లు, గదిలో తేమ చూపే చిన్న మీటరు.

పక్కపక్క ప్యానెళ్లలో బొమ్మకూ బొమ్మకూ మధ్య కనిపించే నల్లగీతను బట్టి ధర మారుతుంది. 3.5 మిల్లీమీటర్లది చవక, 1.8 మధ్యరకం, 0.88 ఖరీదు. నా సలహా అడిగితే, సీసీ కెమెరాల పనికి 3.5 చాలు. ఒక్కో బొమ్మ తన ప్యానెల్‌లోనే ఉంటుంది కాబట్టి గీత దానిని కోయదు. మిగిలిన డబ్బు యూపీఎస్‌కు, ఎర్తింగ్‌కు పెట్టండి. వెలుగు 500 నిట్లు ఉంటే గదిలోకి సరిపోతుంది.

ఇరవై కెమెరాల లోపు ఉన్న మిల్లుకు అసలు వీడియో వాలే అక్కర్లేదు. 86 అంగుళాల వాణిజ్య డిస్‌ప్లే ఒకటి, పక్కన మామూలు మానిటర్ ఒకటి చాలు. అతుకులూ ఉండవు, రంగులు కలపాల్సిన పనీ ఉండదు. ఇంట్లో వాడే టీవీలను మాత్రం వరుసగా బిగించకండి. అవి రోజంతా వెలిగేందుకు చేసినవి కావు, కరెంటు పోయి వస్తే చాలావరకు తమంతట తాము వెలగవు. రాత్రి రెండింటికి రిమోట్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఈ ప్యానెళ్లకు బదులు ఎల్‌ఈడీ తెర పెట్టుకుంటే అతుకు కనిపించదు గాని, దగ్గర నుంచి చూస్తే చుక్కలు కనిపిస్తాయి. చుక్కకూ చుక్కకూ దూరం 1.2 మిల్లీమీటర్లయితే కనీసం నాలుగు మీటర్లు, 1.5 అయితే అయిదు మీటర్ల దూరంలో కూర్చోవాలి. ఉప్పుగాలి తగిలే కాకినాడ, నరసాపురం, అంతర్వేది వైపు ఎల్‌ఈడీ పెట్టేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. తెరను రోజుల తరబడి ఆపి ఉంచితే లోపలికి తేమ చేరుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా పూర్తి వెలుగుతో వేస్తే దీపాలు చచ్చిపోతాయి. తక్కువ వెలుగుతో కొన్ని గంటలు నడిపి, ఆ తర్వాత నెమ్మదిగా పెంచాలి.

పని మొదలు

1. గోడను పరీక్షించండి. పల్లపు ప్రాంతంలో, లంకల దగ్గర అయితే కంట్రోల్ రూమ్ పై అంతస్తులోనే ఉండాలి. వెనక స్నానాల గది ఉన్న గోడ, పడమటి ఎండ కొట్టే గోడ వద్దు. మన నేలలో చెమ్మ కంటికి కనిపించకుండా గోడలోకి పాకుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథీన్ ముక్కను గోడకు ఆనించి నాలుగు పక్కలా టేపు అంటించి, ఒక పగలూ రాత్రీ ఉంచండి. లోపలి వైపు నీటి బొట్లు పడితే ఆ గోడ ఇంకా ఆరలేదు. కొత్త ప్లాస్టరింగు అయితే ఆరేదాకా ఆగాల్సిందే.

ఒక్కో 55 అంగుళాల ప్యానెల్ 20 నుంచి 25 కిలోల దాకా ఉంటుంది. నాలుగు ప్యానెళ్లు, ఫ్రేము కలిపితే బరువు 150 కిలోలకు చేరుతుంది. సున్నంతో కట్టిన పాత ఇటుక గోడల్లో యాంకర్ బోల్టు పట్టు దొరకదు. డ్రిల్ పెట్టగానే ఎర్రటి పొడి ధారగా రాలితే అక్కడే ఆపి, నేల మీద నిలబడే స్టాండుకు మారండి. స్టాండు వెనక మనిషి దూరేందుకు రెండడుగులు వదలాలి.

2. కుర్చీ చోటు తేల్చండి. నాలుగు ప్యానెళ్ల గోడకు మూడు నుంచి నాలుగు మీటర్ల దూరం బాగుంటుంది. కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటాయి. తెర కింది అంచు మీటరు ఎత్తులో పెడితే బల్ల మీది మానిటర్లు అడ్డురావు, మెడ ఎత్తి చూడాల్సిన పని ఉండదు. ప్యానెళ్లు రాకముందే ఒక అద్దాన్ని తెర వచ్చే చోట ఒకరు పట్టుకుని కదిలిస్తుంటే మీరు కుర్చీలో కూర్చుని చూడండి. అద్దంలో కిటికీ గాని, ట్యూబులైటు గాని కనిపించిందంటే రేపు రాత్రి దృశ్యాల మీద అదే మెరుపు పడుతుంది. తెర కొన్నాక కిటికీకి పరదా వేయించడం కన్నా ఇప్పుడే దీపం జరపడం తేలిక. కిటికీ నుంచి బయటివారికి తెర కనిపిస్తోందా అన్నది కూడా అప్పుడే చూసుకోండి.

3. కరెంటు. ఒక్కో ప్యానెల్‌కు 200 వాట్లు వేసుకుంటే నాలుగింటికి 800. కంట్రోలర్, రికార్డరు, స్విచ్‌లకు ఇంకో 500. మొత్తం 1,300 వాట్లు. దీనికి 2 కేవీఏ యూపీఎస్ లెక్కకు సరిపోయినట్టే ఉంటుంది గాని, అన్నీ ఒకేసారి వెలిగినప్పుడు మొరాయిస్తుంది. 3 కేవీఏ తీసుకోండి. జనరేటరు అందుకునేదాకా కాదు, జనరేటరు అందుకోకపోయినా అరగంట నడిచేలా బ్యాటరీలు పెట్టండి. తుపాను రాత్రే జనరేటరు మొండికేస్తుంది.

న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మీటరు పెట్టి చూడండి. 2 వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్ చేత సరిచేయించండి. మన దగ్గర నేల తడిగా ఉంటుంది కాబట్టి ఎర్తు తేలిగ్గా దొరుకుతుంది, అంతే తేలిగ్గా తుప్పూ పడుతుంది. ఏటా తొలకరికి ముందు గుంత తెరిపించి కొలిపించాలి.

హెచ్చరిక: చెరువు గట్ల మీది స్తంభాల నుంచి రాగి నెట్‌వర్క్ కేబులును నేరుగా కంట్రోల్ రూమ్‌లోకి తేవద్దు. ఎక్కడో చెరువు పక్కన పిడుగు పడితే ఆ తీగ వెంబడే స్విచ్‌లోకి, అక్కడి నుంచి కంట్రోలర్‌లోకి వస్తుంది. అలాంటి చోట్ల ఫైబర్ వేయించండి. ఫైబర్ గాజు కాబట్టి అందులో కరెంటు పారదు.

4. నెట్‌వర్క్. ఒక కెమెరా ప్రధాన చిత్రం సెకనుకు సుమారు 4 మెగాబిట్లు తీసుకుంటుంది. పదహారు కెమెరాలకు 64. దారిలో ఎక్కడైనా పాత 100 మెగాబిట్ల స్విచ్ ఉంటే రికార్డింగు, తెర రెండూ దాని మీదే పడి చిత్రాలు ఆగి ఆగి వస్తాయి. చిన్న గళ్లకు కెమెరా ఇచ్చే రెండో చిన్న చిత్రాన్ని, పెద్ద గళ్లకు ప్రధాన చిత్రాన్ని పెట్టండి. కెమెరాలకు విడి నెట్‌వర్క్ ఉండాలి. ఆఫీసు వై-ఫైతో కలపకండి. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డులు మొదటి రోజే మార్చేయండి.

5. ఫ్రేము. లేజర్ గీత వేసి, కింది వరుస పట్టాతో మొదలుపెట్టండి. కింద ఒక మిల్లీమీటరు వంకర పైవరుసకు వెళ్లేసరికి కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రసమట్టంతో అడ్డంగా, నిలువుగా మాత్రమే కాదు, ఫ్రేము ముందుకో వెనక్కో వాలిందేమో కూడా చూడాలి. గోడకూ ప్యానెల్‌కూ మధ్య కనీసం 100 మిల్లీమీటర్లు గాలి ఆడేందుకు వదలండి.

6. ప్యానెళ్లు. పెట్టెలను విప్పకుండా, ఏసీ నడుస్తున్న గదిలోనే ఒక రోజు ఉంచండి. లారీలోంచి దింపి వెంటనే విప్పితే వేడిగా ఉన్న ప్యానెల్ చల్లటి గదిలో ఒక్కసారిగా చల్లబడుతుంది. ఎత్తడానికి ఇద్దరు కావాలి. అంచు దగ్గర వేలు నొక్కితే గాజు అక్కడే చిట్లుతుంది. కనబడే అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లే కదా. వెనక ఉన్న పట్టీలను పట్టుకోండి. కింది వరుస పూర్తయ్యాకే పై వరుస. రెండు ప్యానెళ్లను బిగుతుగా ఒకదానికొకటి ఒత్తకండి. వేడికి అవి సాగుతాయి. పోస్టుకార్డు ఒకటి మధ్యలో జారేంత సందు వదలండి.

7. కేబుళ్లు. మామూలు హెచ్‌డీఎంఐ కేబులు పది మీటర్లు దాటితే నమ్మకం తక్కువ. అంతకన్నా దూరమైతే ఫైబర్ హెచ్‌డీఎంఐ గాని, క్యాట్ కేబులు మీద పంపే ఎక్స్‌టెండరు గాని వాడండి. ఫ్రేములోంచి ప్యానెల్‌ను ముందుకు లాగినప్పుడు తెగకుండా వెనక కాస్త వదులు ఉంచండి. రెండు చివరలా లేబులు అంటించండి. ఒక చివరే అంటించి వదిలేసిన చోట, ఏడాది తర్వాత నేనే గంటసేపు వెతికాను.

8. సెట్టింగులు. సిగ్నల్ లేకపోతే ఆరిపోయే అమరికను తీసేయండి. ప్యానెళ్లు ఒకదాని తర్వాత ఒకటి రెండు మూడు సెకన్ల తేడాతో వెలిగేలా పెట్టండి. యూపీఎస్ మీద భారం ఒక్కసారిగా పడదు. వెలుగును 60 నుంచి 70 శాతం దగ్గర ఉంచండి. రాత్రికి ఇంకా తగ్గించండి. అన్ని ప్యానెళ్లకూ రంగు ఉష్ణోగ్రత 6500 కెల్విన్ పెట్టండి. కెమెరాల్లో ఫ్లికర్ అమరిక 50 హెర్ట్జ్‌లో ఉండాలి, లేకపోతే ట్యూబులైట్ల కింద చిత్రం మీద పట్టీలు పాకుతాయి. కెమెరాలు, రికార్డరు, కంట్రోలర్ అన్నీ ఒకే గడియారం చూసుకునేలా చేయండి.

9. లేఅవుట్లు. ఏ కెమెరా తెర మీద ఎక్కడ, ఎంత పెద్దగా రావాలన్న అమరికలు ఇవి. కనీసం మూడు సిద్ధం చేసి, ఒక్క మీటతో మారేలా పెట్టండి. పగటిది, రాత్రిది, వరద లేదా తుపానుది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మీ ఆవరణ ఏటిగట్టుకు దగ్గరైతే మొదటి హెచ్చరికకే వరద లేఅవుట్‌కు మారమని రాత్రి మనిషికి రాసి ఇవ్వండి. అందులో కాలువ తూము, పంపు గది, కేబుల్ గుంత, వెనక గేటు పెద్దగా రావాలి. లారీ కాటా ఆ రోజు చిన్నగా ఉన్నా ఫరవాలేదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది ఏసీ. నరసాపురం వైపు ఒక ప్లాంటులో మేం బిగించిన తెరకు ఎదురుగా కాకుండా సరిగ్గా పైన, గాలి కిందికి తగిలేలా ఏసీ పెట్టారు. అప్పుడు నేను గట్టిగా అభ్యంతరం చెప్పలేదు. పొదుపు కోసమని రాత్రిళ్లు పై వరుస ఆపేవారు. తెల్లవారగానే తలుపులన్నీ తెరిచి గది కడిగేవారు. రెండో నెలలో పిలిస్తే వెళ్లి చూశాను. చల్లబడి ఉన్న పై ప్యానెల్ అంచు వెంబడి బియ్యపుగింజలంత నీటి బొట్లు వరుసగా నిలిచి ఉన్నాయి. వెనక హెచ్‌డీఎంఐ పిన్నును లాగి వెలుతురులో చూస్తే, లోపలి రేకుల మీద ఇత్తడి చెంబుకు పట్టినట్టు ఆకుపచ్చ చిలుము. ఆ ప్యానెల్ మార్చాల్సి వచ్చింది. ఏసీ గాలి ప్యానెళ్ల మీదికి నేరుగా రాకూడదు. గది తేమ 60 శాతం దాటకుండా మీటరు పెట్టి చూసుకోండి. తడిగుడ్డతో నేల తుడవండి, నీళ్లు పోసి కడగవద్దు.

ఇక రెండోది, చూపించుకోవడానికి అన్ని కెమెరాలనూ ఒకేసారి పరచడం. యజమాని వచ్చినప్పుడు 64 గళ్లు గోడంతా మెరుస్తుంటే బాగానే ఉంటుంది. రాత్రి మూడింటికి నిద్ర ఆపుకుంటూ ఉన్న మనిషి ఆ గళ్లలో దేనినీ చూడలేడు. ఆయన తప్పు కాదది.

లోగో గాని, కదలని పటం గాని నెలల తరబడి ఒకే చోట ఉంచితే ప్యానెల్ మీద దాని నీడ మిగిలిపోతుంది. గళ్ల స్థానాలను వారానికోసారి అటూ ఇటూ మార్చండి. ఒక ప్యానెల్ పాడైతే వేరే మోడల్ తెచ్చి పెట్టడం మరో పొరపాటు. తెలుపు ఒకచోట పసుపుగా, ఒకచోట నీలంగా కనబడుతుంది. అదనపు ప్యానెల్ ముందే కొనమన్నది ఇందుకే.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

- రంగు: అన్ని ప్యానెళ్ల మీద ఒకే లేత బూడిద రంగు నింపండి. తెలుపు కన్నా బూడిదలోనే తేడా బయటపడుతుంది. కుర్చీలోంచి ఒకసారి, గది మూలల నుంచి ఒక్కోసారి చూడండి.
- అతుకు: నాలుగు ప్యానెళ్ల మీదుగా ఒక పెద్ద వృత్తం, ఒక ఏటవాలు గీత వేయించండి. గీత అతుకు దగ్గర మెట్టులా విరిగితే కంట్రోలర్‌లో అంచు సవరణ విలువ మార్చండి. ఆ తర్వాతా విరిగితే ఫ్రేములోనే వంకర ఉంది.
- ఆలస్యం: ఫోనులో స్టాప్‌వాచ్ నడిపి కెమెరా ముందు పట్టుకోండి. ఫోను, తెర రెండూ పడేలా మరో ఫోనుతో ఫొటో తీయండి. రెండు అంకెల తేడాయే ఆలస్యం. అర సెకను లోపు ఉంటే మంచిది. తిప్పే కెమెరాలకు అంతకన్నా ఎక్కువైతే మనిషి ఒక వైపు తిప్పితే బొమ్మ తర్వాత వస్తుంది, గురి తప్పుతుంది.
- అక్షరాలు: కుర్చీ దూరాన్ని 200తో భాగించండి. నాలుగు మీటర్లకు 20 మిల్లీమీటర్లు. కెమెరా పేర్లు తెర మీద అంతకన్నా చిన్నగా ఉంటే కళ్లు చికిలించాల్సి వస్తుంది. పేర్లు తెలుగులో రాయండి.
- కరెంటు: పగలు, అందరూ ఉన్నప్పుడు మెయిన్ ఆపేయండి. తెర రెప్పపాటు కూడా ఆరకూడదు. తర్వాత యూపీఎస్‌ను కూడా ఆపి, మళ్లీ వేయండి. ఎవరూ చెయ్యి పెట్టకుండానే చివరి లేఅవుట్ దానంతట అది రావాలి. ఎంత సమయం పట్టిందో గోడ మీద రాసి పెట్టండి.
- 72 గంటలు ఆపకుండా నడపండి. మూడో రోజు మధ్యాహ్నం, ఎండ ముదిరిన వేళ, ప్యానెళ్ల వెనక చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నిలవనంత వేడి ఉంటే గాలి దారి చాలలేదు.

ఈ పరీక్షలన్నీ రాత్రి మనిషి కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టి చేయండి. నంబరు ప్లేటు చదవమనండి. చదవలేకపోతే పని పూర్తికానట్టే, మీరు సంతకం పెట్టకండి, బిల్లు చెల్లించకండి.

వాడుకలో

నెలకోసారి వెనక దుమ్ము ఊదండి. తెరను పొడి మెత్తని గుడ్డతో మాత్రమే తుడవండి. తొలి వానల తర్వాత ఉసిళ్లు దీపం కోసం వస్తాయి, వాటి వెంట బల్లులు వస్తాయి. రెండూ ప్యానెళ్ల వెనక వేడిలోకి దూరతాయి. కేబుళ్లు వచ్చే రంధ్రాలను, కిటికీ సందులను మే నెలాఖరులోగా మూయించండి. యూపీఎస్ బ్యాటరీలను మూడు నెలలకోసారి పూర్తి భారం మీద అరగంట నడిపి చూడండి. ఇరవై నిమిషాలకే ఆగితే తుపానుల కాలం, అంటే అక్టోబరు, రాకముందే మార్చేయండి.